వాకీటాకీ రిసీవింగ్ బాగుంది, పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కితే ట్రాన్స్‌మిట్ పవర్ రావట్లేదు. ఫైనల్ ట్రాన్సిస్టర్ (యాంటెనాకి సిగ్నల్ పంపే ఆఖరిది) మార్చేయాలా?

మార్చకండి. కనీసం ఇవాళ మార్చకండి. మీ ప్రశ్న చదవగానే నా పాత పాపం గుర్తొచ్చింది.

నా దగ్గరికి వచ్చిన ఒక వీహెచ్ఎఫ్ సెట్టుదీ ఇదే రోగం. ఫైనల్ మార్చాను, ఏమీ మారలేదు. కొత్తది నకిలీదేమో అనుకుని (నంబరు గీకేసి వేరే నంబరు అచ్చేసిన సరుకు బోలెడు తిరుగుతోంది) ఇంకోటి వేశాను. మళ్లీ అదే. అప్పుడు ఫైనల్‌కి ముందుండే డ్రైవర్ స్టేజి దాటి వెనక్కి, దానికీ ముందుండే బఫర్ అనే చిన్న యాంప్లిఫయర్ స్టేజి దాకా వెళ్లాను. ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో (బేస్, ఎమిటర్, కలెక్టర్) బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య మీటర్ పెడితే 0.7 వోల్టులు. పుస్తకంలో చెప్పినట్టే ఉంది కదా, బయాస్ (ట్రాన్సిస్టర్‌ను పనికి సిద్ధంగా ఉంచే డీసీ వోల్టేజీ) బాగుందనుకుని వదిలేశాను. ఆ ఒక్క అంకెను నమ్మి రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

ఆ 0.7 ఉందే, అది పచ్చి మోసం. ట్రాన్సిస్టర్‌లో 8 మిల్లీఆంపియర్లు పారినా, 20 పారినా మీటర్ మీద దాదాపు అంతే కనిపిస్తుంది. మూడో రోజు నల్ల ప్రోబ్‌ను గ్రౌండ్‌కి తగిలించి మూడు కాళ్లూ విడివిడిగా కొలిచాను. బేస్ 2.8, ఎమిటర్ 2.1, కలెక్టర్ 2.2. కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ తేడా 0.1 వోల్టే! పూర్తిగా సాచురేషన్‌లో, అంటే ఇక తెరుచుకోలేనంతగా తెరుచుకుని కూర్చుంది, ఇక సిగ్నల్‌ను ఏం పెంచుతుంది?

సప్లై లైను 9 వోల్టులు, బేస్‌కి వోల్టేజీ పంచే రెండు రెసిస్టర్ల డివైడర్‌లో పైన 10 కిలో ఓమ్‌లు, కింద 2.2 కిలో ఓమ్‌లు. లెక్కేస్తే, బేస్ లాగే కొద్ది కరెంటు పోను, బేస్ దగ్గర సుమారు 1.5 రావాలి, ఎమిటర్ దగ్గర 0.8. అక్కడున్నది 100 ఓమ్‌ల రెసిస్టర్ కాబట్టి 8 మిల్లీఆంపియర్లు పారాలి, 21 పారుతోంది. రెసిస్టర్లు రెండూ బాగానే ఉన్నాయి. మిగిలింది కప్లింగ్ కెపాసిటర్ (వెనక స్టేజి సిగ్నల్‌ను పంపి, డీసీని ఆపాల్సినది). ఒక కాలు ఎత్తగానే బేస్ 1.5కి దిగిపోయింది. వెనక స్టేజి కలెక్టర్ మీదున్న డీసీ ఈ కెపాసిటర్ గుండా లీకై బేస్‌లోకి వస్తోందన్నమాట. కొత్తది వేశాక పవర్ వచ్చింది. పట్టుదల కొద్దీ మొదట పీకేసిన ఫైనల్‌ను మళ్లీ వేసి చూశాను. అదీ శుభ్రంగా పనిచేసింది.

అందుకే ముందు ఎమిటర్ వోల్టేజీ చూడండి, దాన్ని రెసిస్టర్‌తో భాగించి కరెంటు తెలుసుకోండి. ఎమిటర్ సున్నా, కలెక్టర్ నిండా సప్లై వోల్టేజీ ఉంటే ఆ స్టేజి కటాఫ్‌లో ఉన్నట్టు, అంటే కరెంటే పారట్లేదు. అప్పుడు డివైడర్‌లోని పై రెసిస్టర్ మీద అనుమానపడండి. పవర్ ఆఫ్ చేసి బోర్డు మీదే కొలిచినా, దాని మీది రంగు గీతలు చెప్పే విలువకంటే బాగా ఎక్కువ చూపిస్తే అది పోయినట్టే. తక్కువ చూపిస్తే మాత్రం తొందరపడకండి, పక్క దారుల వల్ల అలా రావచ్చు.

ఈ లెక్క ఎఫ్ఎం సెట్టు ఫైనల్‌కి వాడకండి. అది సాధారణంగా క్లాస్ సీ, అంటే బయాస్ లేకుండా సిగ్నల్ శిఖరాల దగ్గరే పనిచేసే రకం. డ్రైవ్ (వెనక స్టేజి నుంచి వచ్చే సిగ్నల్) లేనప్పుడు బేస్ దగ్గర సున్నా, డ్రైవ్ ఉంటే మైనస్ వోల్టేజీ కూడా కనిపిస్తుంది. "బయాసే లేదు" అని దానికి రెసిస్టర్ తగిలించిన మహానుభావుణ్ణి చూశాను.

యాంటెనా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి పంపకుండా వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టండి. పీటీటీని కొలిచేంతసేపే నొక్కండి. ప్రోబ్ మొనకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే సర్క్యూట్ ట్యూనింగ్ చెడదు, డిజిటల్ మీటర్ రీడింగ్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఇక సర్వీస్ మాన్యువళ్లు. ఏ కాలు మీద ఎంత వోల్టేజీ ఉండాలో ఒక పట్టిక వేయడానికి వీళ్లకేం బరువో! ఉంటే నాకు ఆ రెండు సాయంత్రాలు మిగిలేవి.

మీ బఫర్ మూడు కాళ్ల వోల్టేజీలూ గ్రౌండ్ నుంచి కొలిచి ఇక్కడ రాయండి. ట్రిమ్మర్లు (ట్యూనింగ్ సరిచేసే చిన్న స్క్రూలు) ఇప్పటికే తిప్పేసి ఉంటే అదీ దాచకుండా చెప్పండి.