పందిరి మంచం ఊగకుండా ఉండాలంటే

ప్రశ్న: మా పాత చెక్క మంచానికే నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి పందిరి మంచంలా మార్చుకోవాలని ఉంది. కర్రలు ఊగుతాయేమోనని టెన్షన్. గదిలో సరిగ్గా మంచం పైనే సీలింగ్ ఫ్యాన్ ఉంది. ఎలా చేయమంటారు?

జవాబు: మీ భయం సరైనదే, పందిరి మంచంలో అసలు పనంతా ఆ కర్రలు కదలకుండా నిలబెట్టడమే. మేకులు కొట్టి వదిలేస్తే, మనం అటూ ఇటూ దొర్లిన ప్రతిసారీ వాటి పట్టు కాస్త కాస్తగా సడలిపోతుంది. అందుకని ఒక్కో కర్రను మంచం చట్రానికి పైనొకటి కిందొకటి రెండు బోల్టులతో, వాషర్లు వేసి బిగించండి; ఒక్కటే వేస్తే కర్ర దాని చుట్టూ తిరుగుతుంది. పైన నాలుగు కర్రలనూ కలుపుతూ ఇంకో చట్రం తప్పనిసరి. కర్రా చట్రమూ కలిసే ప్రతి మూలా ఏటవాలుగా చిన్న చెక్కముక్క బిగిస్తే అక్కడ త్రిభుజం ఏర్పడి ఊగడం చాలావరకు ఆగిపోతుంది. పూర్తిగా బిగించేముందు పై చట్రాన్ని మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా రెండు వైపులా టేపుతో కొలవండి, రెండు కొలతలూ సమానంగా రావాలి.

ఫ్యాన్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గుడ్డ గాలికి లేచినా రెక్కలకు అందనంత కిందుగా పందిరి ఉండాలి, అంత ఎడం కుదరకపోతే మంచాన్నే పక్కకు జరపండి. నన్నడిగితే పైభాగం తెరిచే ఉంచి పక్కలకు మాత్రం పల్చటి నూలు తెరలు వేయమంటాను, లేకపోతే లోపలికి గాలి ఆడదు. తెర గుడ్డ ఆ పక్క పొడవుకు రెండింతలు తీసుకుంటేనే కుచ్చులు నిండుగా పడతాయి. వెలుగు కావాలంటే ఎల్‌ఈడీ దండలు చుట్టుకోండి, వేడెక్కే బల్బులు గుడ్డ దగ్గర అస్సలు వద్దు.