జాంబెజీ వరద మన శ్రావణానికి రాదు

ప్రశ్న: జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మమ్మల్ని విక్టోరియా జలపాతానికి తీసుకువెళ్తానంటున్నాడు. గోదావరి పొంగే శ్రావణ భాద్రపదాల్లోనే అక్కడా నీరు నిండుగా ఉంటుందని తలచి, మాతో వచ్చే మనవల దసరా సెలవులకు ప్రయాణం పెట్టుకోబోతున్నాం. మావారికి 66 ఏళ్లు. మెట్లు ఎక్కువగా ఎక్కలేరు. జాంబియా వైపు నుంచి చూడడం మంచిదా, జింబాబ్వే వైపు నుంచా? ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: టికెట్లు ఇంకా కొనకపోతే దయచేసి ఆగండమ్మా. దసరా రోజులు ఆ జలపాతానికి నీరు తగ్గిపోయే కాలం. భద్రాచలం దగ్గర నీటిమట్టం విని, ధవళేశ్వరానికీ ఆ తరువాత లంకలకూ వరద ఎప్పటికి చేరుతుందో లెక్కకట్టుకునే ప్రాంతం మనది. ఆ జలపాతంగా దూకే జాంబెజీ నదికీ అటువంటి లెక్కే ఉంది గాని, అది రోజుల్లో కాదు, నెలల్లో సాగుతుంది. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి వరకు కురుస్తాయి. అంగోలాలోనూ జాంబియా వాయవ్య ప్రాంతంలోనూ పడిన నీరు పశ్చిమ జాంబియాలోని విశాలమైన బారోట్సే మైదానమంతా పరచుకుని, నెమ్మదిగా కిందికి జారుతుంది కనుక, వానలు వెనకబట్టాక, సాధారణంగా ఏప్రిల్‌లో, జలపాతం దగ్గర ప్రవాహం పతాకస్థాయికి చేరుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో అది కనిష్ఠానికి పడిపోతుంది. అప్పుడు జాంబియా వైపు చాలా మేర నల్లని రాతిగోడ మాత్రమే కనిపిస్తుంది.

అలాగని నిండు వరదలో వెళ్లమనీ నేను చెప్పను. సుమారు 1,700 మీటర్ల వెడల్పున్న నది 108 మీటర్ల లోతున ఇరుకైన చీలికలోకి పడుతుంది. మనం ఎదుటి గట్టు మీద నిలబడి చూస్తాం. నీరు మరీ ఎక్కువైతే పైకి లేచే తుంపరలు తెరలా కమ్మి, హోరు వినిపించడమే తప్ప ధారలు సరిగా కనబడవు. నీరూ దృశ్యమూ రెండూ దక్కేది జూన్ నుంచి ఆగస్టు వరకు. మీ మనవల బడులు తెరవక ముందే, అంటే జూన్ మొదటి వారంలో వెళ్లిరాగలిగితే అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అయితే అది అక్కడ చలికాలం. తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోతుంది కాబట్టి స్వెట్టర్లు, తుంపరల కోసం రెయిన్‌కోట్లు తప్పనిసరి.

మీవారి కోసం జింబాబ్వే వైపే బస పెట్టుకోండి. జలపాతంలో చాలా భాగం ఆ గట్టు నుంచే కనిపిస్తుంది, నడకదారి దాదాపు సమతలంగా ఉంటుంది, ఏడాది పొడవునా అక్కడి ప్రధాన ధారలు ఆగవు. జాంబియా వైపు ధారలకు బాగా దగ్గరగా తీసుకువెళ్లే కాలివంతెన అద్భుతమైనదే గాని, నీరు నిండుగా ఉన్న నెలల్లో అది తడిసి జారుతుంటుంది. కొండచరియ అడుగుకు దిగే దారి ఆయనకు అసలు వద్దు. రెండు దేశాలనూ కలిపే రైలు వంతెన మాత్రం అందరూ చూడాలి. మన రాజమండ్రి హేవలాక్ వంతెన మొదలైన ఐదేళ్లకు, 1905లో, దానిని లోయ మీద కట్టారు. మూడు రాత్రులుంటే హడావుడి లేకుండా అన్నీ చూడవచ్చు.

ఆరోగ్యం విషయంలో ఉదాసీనత వద్దు. ఆ ప్రాంతంలో మలేరియా ఉంది. పొడి కాలంలో తక్కువైనా, ఏ మాత్రలు ఎప్పటినుంచి వేసుకోవాలో డాక్టరును ముందే అడగండి. ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరం ఉన్న ఇథియోపియా, కెన్యాల మీదుగా వెళ్లే విమానమైతే దాని టీకా కార్డు అవసరం పడవచ్చు. టీకా వేయించుకున్న 10 రోజులకు గాని ఆ కార్డు చెల్లదు. 60 దాటినవారికి ఈ టీకా వల్ల దుష్ఫలితాల అవకాశం కొంత ఎక్కువ కనుక, మీవారి విషయంలో ఆ దేశాల మీదుగా వెళ్లని విమానం ఎంచుకోవడమే నాకు మేలనిపిస్తోంది.

వీసాలలో రెండు సంగతులు చూసుకోవాలి. జాంబియా, జింబాబ్వేలు రెండింటికీ చెల్లే కాజా యూనివీసా అనే ఉమ్మడి వీసా ఉంది. మీరు వెళ్లే నాటికి అది భారతీయులకు వర్తిస్తుందో లేదో ఢిల్లీలోని ఆ దేశాల రాయబార కార్యాలయాలలో నిర్ధారించుకోండి. రెండవది, జొహన్నెస్‌బర్గ్ నుంచి వెళ్లి మళ్లీ అబ్బాయి దగ్గరకే తిరిగి వస్తారు కాబట్టి, దక్షిణాఫ్రికా వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఒకటికి మించిన ప్రవేశాలు కావాలని స్పష్టంగా రాయండి.