ఆగమన కాలానికి సిద్ధపడుతున్న మేనకోడలికి

ప్రియమైన తల్లీ,

ప్రభువు నామమున నీకు, అల్లుడికి, పిల్లలకు శుభములు.

ఈ ఏడు క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలమంతా ఉపవాస ప్రార్థనలో గడపాలని, ఎవరింటికీ వెళ్లకుండా, ఎవరినీ రమ్మనకుండా మౌనంగా ఉండాలని నిర్ణయించుకున్నావని మీ నాన్న చెప్పాడు. అమ్మ పోయినప్పటి నుంచి నీకు ప్రార్థనలో మనసు నిలవడం లేదని, గుడిలో పాట పాడుతున్నా లోపల ఏమీ కదలడం లేదని కూడా చెప్పాడు. పండుగంటే కొత్తబట్టలు, కేకులే అనుకునే ఈ రోజుల్లో నువ్వు అంతరంగం నూతనపడాలని కోరుకున్నందుకు నా కడుపు నిండినట్లయింది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తాను, ఓపికగా చదువు.

నలభై దినాల ఉపవాసం అనుకున్నావట. అది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల లెక్క. ఆగమన కాలం నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో మొదలై నాలుగు ఆదివారాలు నడుస్తుంది గనుక 22 రోజులకు తగ్గదు, 28 దాటదు. రెండు కాలాల్లోనూ గుడిలో బల్ల మీద పరిచేది ఊదారంగు గుడ్డే కాబట్టి చాలామంది రెండింటినీ ఒకే రీతిగా ఆచరిస్తారు. పశ్చాత్తాపం రెండింటిలోనూ ఉన్నది నిజమే, కానీ ఇక్కడి పశ్చాత్తాపం బేత్లెహేములో పుట్టినవాడు మహిమతో మళ్లీ వస్తాడన్న నిరీక్షణతో కలిసి ఉంటుంది. అందుకే మూడవ ఆదివారాన్ని పూర్వం నుంచీ ఆనందపు ఆదివారంగా ఆచరిస్తున్నారు. కొన్ని సంఘాల్లో ఆ ఒక్కరోజు గులాబీరంగు కొవ్వొత్తి వెలిగిస్తారు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాట ఆ ఆదివారానిది. ఆయన బంధకాలలో ఉండి రాశాడు. నీ దుఃఖం పూర్తిగా తీరిన తరువాతే ఆనందానికి అర్హురాలివవుతావని అనుకోవద్దు.

నైట్ డ్యూటీ ఉన్న వారాల్లో ఉపవాసం ఉండనే వద్దు. నీకు రక్తం తక్కువ. మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోవాలి. వారానికి ఒక పూట మానితే చాలు, ఆ పూట మిగిలిన బియ్యమూ పప్పూ లేనివారి ఇంటికి చేరాలి. మన మెదక్ చర్చిని మిషనరీ పోస్నెట్ దొర కరువు కాలంలో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి దొరకాలని కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన గుడి అది. అక్కడ పండుగ ఆరాధనకు వెళ్లినప్పుడల్లా మా నాన్నమ్మ ఈ మాట చెప్పకుండా మెట్లు ఎక్కనిచ్చేది కాదు.

ఇక నా భయం సంగతి. మా నాన్న, అంటే మీ తాత, మిషన్ బడిలో పంతులుగా ఉన్నప్పుడు తన తమ్ముడు చనిపోయిన ఏడు ఇలాంటి తీర్మానమే చేసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నడిమింట్లో కందిలి పెట్టుకుని, జంపఖానా మీద కూర్చునేవాడు. ఆయన ధ్యానానికి అడ్డు రాకూడదని మేము మునివేళ్ల మీద నడిచేవాళ్లం. విసుర్రాయి చప్పుడు వద్దన్నాడు, అమ్మ జొన్నలు గంపకెత్తుకుని పక్కింటికి పోయి విసురుకొచ్చేది. క్యారల్స్ నేర్చుకునే పిల్లలు ఇంటికొస్తే గడప బయటి నుంచే పంపించేశాడు. అమ్మకు మూడు రోజులు జ్వరం వస్తే, నాలుగో రోజు అంబలి ఆలస్యమైనప్పుడు గాని ఆయనకు తెలియలేదు. ఏడాదంతా ఎదురుచూసే డిసెంబరు ఎప్పుడు అయిపోతుందా అని మేము చూశాం. ఆయనలో భక్తి లేక కాదు, అంత భక్తిపరుణ్ణి నేను మళ్లీ చూడలేదు. దుఃఖానికి తలుపులు వేసి, దానినే ప్రార్థన అనుకున్నాడు.

అప్పటి పాస్టరు అయ్యగారు ఒక సాయంత్రం వచ్చి, "పంతులుగారూ, జెకర్యా ఒక్కడే మూగవాడయ్యాడు, మీరు ఇంటిల్లిపాదినీ మూగవాళ్లను చేశారు" అన్నారు. దేవదూత మాట నమ్మక మూగవాడైన యాజకుడు గదా జెకర్యా. నాన్న బదులు పలకలేదు. మర్నాడు పొద్దున మేము లేచేసరికి విసుర్రాయి ముందు అమ్మకు ఎదురుగా కూర్చుని పిడి పట్టుకుని తిప్పుతున్నాడు. అలవాటు లేని చేతులు గదా, పిండి ఆయన కళ్లద్దాల మీద, మీసాల మీద పడింది. తమ్ముడి చిన్నప్పటి సంగతులు అమ్మకు చెబుతూ ఏడుస్తున్నాడు. అన్ని రోజుల ధ్యానంలో రాని కన్నీళ్లు అక్కడ వచ్చాయి. ఆ రాత్రి క్యారల్స్ పిల్లలకు పెట్రోమాక్స్ దీపం మోసినవాడు ఆయనే.

కాబట్టి మౌనం వద్దనడం లేదు, పొద్దున అరగంట ఉంచుకో. లూకా సువార్త మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి, రోజుకు మూడు నాలుగు చొప్పున నెమ్మదిగా చదివితే కాలమంతా సరిపోతుంది. అందులో జెకర్యా భార్య ఎలీసబెతు ఐదు నెలలు ఎవరి కంటా పడకుండా ఉన్నది, అయితే ఆమె గర్భంలోని శిశువు గంతులు వేసింది మరియ ఇంట్లో అడుగుపెట్టి వందనం చెప్పినప్పుడే. నీ అరగంట అయిపోయాక తలుపు తీసి ఉంచు. వార్డులో రోగి దగ్గర కూర్చున్న ముసలమ్మను పలకరించు. పిల్లలు స్టార్ కడతామంటే కట్టనివ్వు. అల్లుడితో మీ అమ్మ గురించి మాట్లాడు, అతనికి కూడా ఆమె తల్లి లాంటిదే గదా.

పాట లోపలికి దిగని రోజున నిన్ను నువ్వు తిట్టుకోకు. "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని దావీదు అడిగాడే తప్ప తనంతట తానే పుట్టించుకోలేదు. నువ్వూ ఆ ఒక్క వచనమే చెప్పి పడుకో, ఆ రోజుకు అదే ప్రార్థన.

నీ డ్యూటీల పట్టిక మీ నాన్న చేత పంపించు. మూడవ ఆదివారం నీకు సెలవైతే శనివారమే బస్సెక్కి వస్తాను, గరిజలకు పిండి నేనే కలుపుతాను. ఎవరినీ రమ్మనననుకున్నావు గదా, నా విషయంలో ఆ మాట వెనక్కి తీసుకో.

ప్రార్థనలతో,
నీ మేనత్త