విశ్వవిద్యాలయం సమాజానికి ఏమి బాకీ?

ప్రశ్న: మా అబ్బాయి కథోలికులు నడిపే కళాశాలలో చదువుతున్నాడు. ‘విద్యాలయం వ్యక్తి కోసం’ అని అక్కడి అధ్యాపకులు తరచూ అంటారట. అలాగైతే సమాజ సేవ మాటేమిటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, చిక్కు కొంత మన మాటలోనే ఉంది. తెలుగులో ‘వ్యక్తివాదం’ అనగానే ఎవరికి వారే అన్న ధోరణి స్ఫురిస్తుంది. కథోలిక చింతనలో ఆ మాటకు (ఇంగ్లీషులో ‘పర్సనలిజం’) అర్థం దాదాపు దానికి ఎదురు: మనిషి ఎన్నడూ మరొకరి అవసరం తీర్చే పనిముట్టు కాడు, అయితే తనను తాను ఇతరులకు ఇచ్చుకున్నప్పుడే అతడు నిండు మనిషి అవుతాడు.

ఈ ఆలోచనకు తరగతి గదిలో రూపమిచ్చినవారిలో ముఖ్యులు కరోల్ వోయ్తిలా, అంటే తర్వాతి కాలపు రెండవ జాన్ పాల్ పోపు. ఆయన 1954 నుంచి పోలండ్‌లోని లుబ్లిన్ కథోలిక విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం బోధించారు. క్రాకోవ్‌లో రాత్రి రైలెక్కి వచ్చి పాఠం చెప్పి వెళ్లేవారు. 1918లో పుట్టిన ఆ విద్యాలయాన్ని 1939లో నాజీలు మూయించారు. 1944లో తిరిగి తెరుచుకున్నాక కమ్యూనిస్టు ప్రభుత్వపు ఆంక్షలు చుట్టుముట్టాయి. మనిషిని ఒకరు జాతిని బట్టీ, మరొకరు ఉత్పత్తిని బట్టీ లెక్కగట్టిన ఆ రోజుల్లో, అసలు మనిషి అంటే ఎవరన్న ప్రశ్నను వదలకుండా అడగడమే లుబ్లిన్ తన సమాజానికి చేసిన పెద్ద సేవ అని నేను గట్టిగా నమ్ముతాను.

పోపు అయ్యాక, 1990లో కథోలిక విశ్వవిద్యాలయాల గురించి వెలువరించిన పత్రంలో, అందరికీ న్యాయం, ప్రకృతి రక్షణ, శాంతి వంటి సమస్యలను పరిశోధించమనీ, పేదలకు ఉన్నత విద్య అందేలా చూడమనీ ఆయన కోరారు.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో చూడండి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన కుటుంబాలున్నాయి. ఒక పరిశోధక విద్యార్థి అలాంటి ఊరికి వెళ్లి, బోరింగు దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డ అవ్వను ముప్ఫై ప్రశ్నలడిగి, ఫారం నింపుకుని, సీసాలో నీళ్లు పట్టుకుని పోతే, అతని సిద్ధాంత గ్రంథానికి ఆమె ఒక అంకె మాత్రమే. పట్టా అతనికి రావచ్చు, కానీ ఆమెను వాడుకున్నట్టే. అదే విద్యార్థి తిరిగి వచ్చి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ప్రమాదమనీ, ఈ బోరింగు నీళ్లలో ఇంత ఉందనీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఊరివాళ్లతో కలిసి అర్జీ రాయించి, ఆమె చెప్పేది కూడా విని రాసుకుంటే, అక్కడ వ్యక్తికీ సమాజానికీ మధ్య మీరడిగిన వైరుధ్యం కనబడదు.

ఉద్యోగం అక్కర్లేదని నేననడం లేదు. అప్పు చేసి చదివించే ఇళ్లకు అది ప్రాణావసరం. అయితే, విద్యార్థిని కంపెనీకి తగిన సరుకుగా మాత్రమే చూసిన విద్యాలయం, ఆ అవ్వను మనిషిగా చూడమని అతనికి ఏ తరగతిలో నేర్పగలదు?