పరాన్నజీవుల జన్యు పరిశోధన: ఏ పీజీ మేలు?

ప్రశ్న: మా అమ్మాయి జంతుశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. వన్యప్రాణుల నుంచి కీటకాల ద్వారా మనుషులకు సోకే పరాన్నజీవుల జన్యు వైవిధ్యంపై పరిశోధన చేస్తానంటోంది. ఈ రంగంలో ఉపాధి ఉంటుందా? జెనెటిక్స్‌లో పీజీ చేయించాలా?

సమాధానం: కోర్సు సంగతి తేల్చుకునే ముందు ఈ రంగంలో పని ఎలా ఉంటుందో మీ ఇద్దరూ తెలుసుకోవడం మంచిది. మలేషియాలోని సారవాక్‌లో 208 మంది మలేరియా రోగుల రక్తాన్ని పీసీఆర్ (జన్యు పదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి గుర్తించే) పద్ధతిలో పరీక్షించిన పరిశోధకులు, వారిలో 120 మందికి సోకింది మకాక్ కోతుల్లో ఉండే ప్లాస్మోడియం నోలెసి అనే మలేరియా పరాన్నజీవి అని 2004లో వెల్లడించారు. మైక్రోస్కోపు కింద అది మనుషుల్లో మలేరియా కలిగించే మరో పరాన్నజీవి ప్లాస్మోడియం మలేరియేలా కనిపించడం వల్ల అంతవరకూ గుర్తింపు తప్పుతూ వచ్చింది. ఆ తరువాతి జన్యు అధ్యయనాల్లో, రోగుల్లోని నోలెసి అంతా ఒక్కటి కాదనీ, ఒక వర్గానికి పొడవు తోక మకాక్‌లతోనూ మరో వర్గానికి పంది తోక మకాక్‌లతోనూ సంబంధం ఉందనీ తేలింది. వ్యాధి ఏ జంతువు నుంచి వస్తోంది, మనుషుల మధ్యే తిరుగుతోందా లేక ప్రతిసారీ అడవి నుంచి కొత్తగా సోకుతోందా అన్న ప్రశ్నలకు జవాబు ఇలాంటి పోలికల్లోనే దొరుకుతుంది. అడవి నుంచే వస్తున్నప్పుడు రోగులకు మందులిచ్చినంత మాత్రాన వ్యాధి ఆగదు కనుక, ఈ సమాచారం ప్రజారోగ్య శాఖలకు అవసరమవుతుంది.

కష్టం ఎక్కడుందో చెప్పడానికి ఛాగాస్ వ్యాధి సరైన ఉదాహరణ. నల్లిలా రక్తం పీల్చే ఒక రకం కీటకాల మలం ద్వారా వ్యాపించే, ఈ వ్యాధిని కలిగించే పరాన్నజీవి ట్రిపనోసోమా క్రూజీ వందకు పైగా క్షీరద జాతుల్లో కనిపిస్తుంది. దీనిని టీసీ-1 నుంచి టీసీ-6 వరకు ఆరు వర్గాలుగా, గబ్బిలాలతో ముడిపడిన మరో వర్గంగా విభజించారు. వీటిలో టీసీ-5, టీసీ-6 అనేవి టీసీ-2, టీసీ-3ల సంకరాలు, అంటే ఆ రెండింటి కలయికతో పుట్టినవి. ఒకే జన్యువును చదివి వర్గాన్ని నిర్ణయిస్తే సంకరం సంగతి బయటపడకపోవచ్చు. పైగా ఒకే జంతువులో రెండు మూడు వర్గాలు కలిసి ఉండవచ్చు. ప్రయోగశాలలో పెంచేటప్పుడు వాటిలో వేగంగా పెరిగేదే మిగిలి, తక్కినవి లేనట్టే కనిపిస్తాయి. యంత్రం ఇచ్చిన ఫలితాన్ని అనుమానించగలగడం ఇక్కడ అసలైన నైపుణ్యం.

అందువల్ల నా సలహా, పరాన్నజీవశాస్త్రానికి ప్రాధాన్యమిచ్చే జంతుశాస్త్ర పీజీలో చేరి, దానితో పాటే జనాభా జన్యుశాస్త్రం, గణాంకశాస్త్రం, సమాచార విశ్లేషణకు వాడే ఆర్ లేదా పైథాన్ కంప్యూటర్ భాష నేర్చుకోవడం. జెనెటిక్స్ పీజీ తప్పేమీ కాదు గానీ, సీక్వెన్సింగ్‌ను (జన్యుక్రమాన్ని చదివే పనిని) బయటి సంస్థలకు అప్పగించే వీలున్న ఈ రోజుల్లో, ఏ జంతువు నుంచి, ఏ కీటకం నుంచి, ఎన్ని నమూనాలు తీసుకోవాలో నిర్ణయించగల వ్యక్తికే విలువ ఎక్కువని నా అభిప్రాయం.

ఉపాధి విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. పీజీతో ఆగితే ప్రాజెక్టు సహాయకురాలు, ప్రయోగశాల సాంకేతిక నిపుణురాలు వంటి ఉద్యోగాలే ఎక్కువగా దొరుకుతాయి. స్వతంత్ర పరిశోధనకు పీహెచ్‌డీ తప్పనిసరి, ఆ తరువాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక ఒప్పందాలతోనే గడుస్తాయి. అయితే జన్యు సమాచార విశ్లేషణ వచ్చినవారు వైరస్‌లు, బ్యాక్టీరియాలపై పనిచేసే ప్రజారోగ్య, పశువైద్య ప్రయోగశాలలకూ, రోగనిర్ధారణ కిట్లు తయారుచేసే సంస్థలకూ మారగలరు.

పీహెచ్‌డీకి ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు పీహెచ్‌డీ గైడ్‌ను ఒక విషయం తప్పక అడగమనండి: వన్యప్రాణుల నమూనాలు ఇప్పటికే సేకరించి భద్రపరిచారా, లేదా అనుమతుల దగ్గర నుంచి మొదలుపెట్టాలా? జంతువులను పట్టి రక్తం తీయడానికి అటవీ శాఖ అనుమతి, నైతిక సమీక్ష వంటివి కావాలి. అవి చేతికి రాకముందే చేరితే పీహెచ్‌డీ కాలంలో గణనీయమైన భాగం ఎదురుచూపులకే పోవచ్చు. అలాంటప్పుడు పాత నమూనాలపైనో, ఇప్పటికే బహిరంగంగా అందుబాటులో ఉన్న జన్యు సమాచారంపైనో మొదటి అధ్యాయం రాసే వీలు కల్పిస్తారేమో ముందుగానే మాట్లాడుకోవాలి.