మునగాకు హలాలే, మరి క్యాప్సూల్?

ప్రశ్న: మునగాకు పొడి క్యాప్సూల్స్ మలేషియాకు పంపాలనుకుంటున్నాం. ఉన్నదంతా ఆకే కదండీ, హలాల్ పత్రం ఎందుకు అడుగుతున్నారు?

జవాబు: ఆకుతో పేచీ లేదు, దానికి తోడయ్యేవాటితోనే చిక్కు. క్యాప్సూల్‌కు వాడే జెలటిన్ తొడుగు పశువుల లేదా పందుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. ఖరీదు కాస్త ఎక్కువైనా మొక్కల సెల్యులోజ్‌తో చేసే హెచ్‌పీఎంసీ తొడుగే తీసుకోండి.

చాలామంది పట్టించుకోకుండా వదిలేసేది మెగ్నీషియం స్టియరేట్. పొడి యంత్రానికి అంటుకోకుండా 1 శాతం అటూఇటూ కలుపుతారు. అందులోని స్టియరిక్ ఆమ్లం పామాయిల్‌దీ కావచ్చు, జంతువుల కొవ్వుదీ కావచ్చు; చూస్తే తేడా తెలియదు. నోటిమాట నమ్మకండి, ప్రతి బ్యాచ్‌కూ మూలం రాతపూర్వకంగా అడగండి.

బయటి యూనిట్‌లో నింపిస్తున్నారా? అదే యంత్రంపై అంతకుముందు ఏం నింపారో రికార్డు చూడండి. పంది సంబంధమైనది తగిలి ఉంటే మామూలు కడుగుడు చాలదు. మలేషియా హలాల్ ప్రమాణం ఎంఎస్ 1500 ప్రకారం ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో. అలాంటి యంత్రం జోలికి పోకపోవడమే మంచిది.

గోదాములో, కంటైనర్‌లో సరుకు విడిగా ఉంచి లాట్ నంబరు వేయండి. పత్రమిచ్చే సంస్థకు మలేషియా ప్రభుత్వ ఇస్లామిక్ వ్యవహారాల శాఖ జాకిమ్ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.