విజయవాడలో ఉంటూ, సగంలో వదిలేసిన వార్‌గేమ్ (బల్లపై ఆడే యుద్ధపు ఆట) బొమ్మలకు రంగులు వేయడం మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

అట్టపెట్టెలో ఏళ్ల తరబడి సగం రంగుతో ఉండిపోయిన 28 మిల్లీమీటర్ల బొమ్మలను బయటికి తీసే ముందు రంగు సీసాలను పరీక్షించండి. అడుగున పేరుకున్న ఆక్రిలిక్ రంగు బాగా కుదిపితే కలిసిపోతుంది; రబ్బరులా గడ్డకట్టినది మాత్రం నీళ్లు పోసినా పనికిరాదు, ఎందుకంటే నీరు ఆవిరయ్యాక అందులోని పాలిమర్ కణాలు శాశ్వతంగా అతుక్కుపోతాయి. బొమ్మలపై చేరిన దుమ్మును, చేతి జిడ్డును సబ్బునీటితో, మెత్తని బ్రష్‌తో తొలగించి ఆరనివ్వాలి.

మన ఊళ్లో అసలు చిక్కు వాతావరణంతోనే. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు, పైన తిరిగే ఫ్యానుకు రంగు పళ్లెంలోనే ఆరిపోతుంది కనుక, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి పరచి, దానిపై బేకింగ్ పేపరు వేసి కలుపుకుంటే గంటల తరబడి పచ్చిగా ఉంటుంది. స్ప్రే ప్రైమరును, అంటే రంగుకు ముందు చల్లే తొలిపూతను, ముసురు పట్టిన రోజున వాడకండి. గాలిలోని తేమకు పూత మసకబారవచ్చు.

కొత్త బొమ్మలు కొనవద్దనే సలహా చాలామంది ఇస్తారు, పాటించినవారిని నేను చూడలేదు. అంతకంటే, పూర్తికావడానికి దగ్గరలో ఉన్న నాలుగైదింటిని మాత్రమే బల్లపై ఉంచుకోండి. పాత రంగుకు కొత్త మిశ్రమం సరిగ్గా కుదరకపోయినా, పైన గోధుమరంగు వాష్ (నీళ్లలా పలుచన చేసిన రంగు) వేస్తే ఆ తేడా చాలావరకు కలిసిపోతుంది.